పద్దెనిమిది నిండాయని ఎవరు చెప్పాలి?

ఒకప్పుడు ఊళ్లో బడిలో చేర్చుకోవాలంటే పిల్లాడి కుడిచేతిని తలమీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. వేళ్లు చెవికి అందితే ఐదేళ్లు నిండినట్టు. అందకపోతే వచ్చే ఏడాది రమ్మనేవారు. అందినవాడి పేరు రిజిస్టర్లోకి ఎక్కేది, పేరు పక్కన పుట్టిన తేదీ కూడా. ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చింది? తల్లి "కృష్ణా పుష్కరాలైన మర్నాటి ఏడు" అనో, "దివిసీమ ఉప్పెనప్పుడు కడుపులో ఉన్నాడు" అనో చెప్పేది. మాస్టారు వేళ్లమీద లెక్కేసి, బడి తెరిచే రోజుకి సరిపోయేలా జూన్ 1 అనో, జూలై 1 అనో రాసేసేవారు. యాభై దాటినవాళ్లలో ఇవాళ్టికీ చాలామందికి రెండు పుట్టినరోజులుంటాయి. ఒకటి ఇంట్లో చేసుకునేది, ఇంకోటి సర్టిఫికెట్‌లో ఉండేది.

వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ మన దేశంలో పిల్లల్ని కాపాడటానికి చేసిన చట్టాలన్నీ చివరికి ఆ రిజిస్టర్ దగ్గరికే వచ్చి ఆగుతాయి. ఏ చట్టమైనా ముందు అడిగేది ఒకటే: ఈ మనిషి వయసెంత? దానికి జవాబు ఒక కాగితం చెప్పాలి. శిక్షలు పెంచాలని, కొత్త కోర్టులు పెట్టాలని టీవీ చర్చల్లో గొంతు చించుకునే వాళ్లెవరూ ఆ కాగితం గురించి మాట్లాడరు. కేసులు మాత్రం అక్కడే నిలుస్తాయి, అక్కడే కూలుతాయి.

అసలు "పిల్లలు" అంటే ఎవరన్నదే చట్టానికో రకంగా ఉంది. పిల్లలపై లైంగిక నేరాల కోసం చేసి, 2012 నవంబర్ 14 నుంచి అమల్లోకి వచ్చిన పోక్సో చట్టానికి పద్దెనిమిది లోపు వాళ్లంతా పిల్లలే. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టానికీ అంతే, కాకపోతే పదహారు దాటినవాడు ఘోరమైన నేరం చేస్తే పెద్దవాడిలా విచారించాలా వద్దా అన్నది ముందు జువైనల్ జస్టిస్ బోర్డు తేలుస్తుంది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఆడపిల్లకు 18, మగపిల్లాడికి 21 అంటుంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే. బాలకార్మిక చట్టం 2016 సవరణ తర్వాత 14 లోపు పిల్లలను పనిలో పెట్టుకోవద్దంటుంది. 14 నుంచి 18 మధ్య వాళ్లను గనులు, పేలుడు పదార్థాల లాంటి ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే వద్దంటుంది.

పదిహేనేళ్ల పిల్ల సంగతి చూడండి. ఆ అమ్మాయిని బడికి రప్పించే బాధ్యత విద్యాహక్కు చట్టానికి లేదు. బట్టల షాపులో పనికి కుదిర్చితే బాలకార్మిక చట్టం అడ్డుచెప్పదు. పెళ్లి చేస్తే మాత్రం నేరం. పెళ్లయ్యాక కాపురానికి పంపితే అది పోక్సో కింద ఇంకా పెద్ద నేరం. ఈ చివరి మాట కూడా ఈమధ్యే తేలింది. పాత ఐపీసీలో పదిహేను నిండిన భార్యతో భర్త కాపురం అత్యాచారం కిందికి రాదన్న మినహాయింపు ఉండేది. పోక్సో వచ్చాక కూడా ఐదేళ్లపాటు అది అలాగే నడిచింది. అంటే అదే పని ఒక చట్టంలో నేరం, ఇంకో చట్టంలో కాపురం. 2017 అక్టోబర్ 11న సుప్రీంకోర్టు ఆ పదిహేనును పద్దెనిమిదిగా చదువుకోవాలని తీర్పు ఇచ్చింది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పద్దెనిమిది అనే రాశారు.

ఈ అంకెలు ఇక్కడిదాకా రావడానికి నూట యాభై ఏళ్లు పట్టింది. 1860 నాటి ఐపీసీలో ఆ వయసు 10. కలకత్తాలో 1890 ప్రాంతంలో ఫూల్మొణి అనే పది పదకొండేళ్ల పిల్ల భర్త చేతిలో చనిపోయింది. పది దాటింది కాబట్టి అతడి మీద అత్యాచారం కేసు పెట్టడానికే వీల్లేకపోయింది. 1891లో, పెద్ద గొడవ మధ్య, ఆ వయసును 12 చేశారు. మన దగ్గర అదే కాలంలో విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా రాయించారు. గురజాడ తన నాటకం 1897 ముద్రణకు రాసిన ఇంగ్లీషు పీఠికలో ఆ లెక్కలిచ్చారు. మొత్తం పెళ్లిళ్లు 1034. పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల వాళ్లు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. అప్పట్లో వయసు దాచాల్సిన పని ఎవరికీ లేదు. అది నేరం కాదు కనక అడిగినవాళ్లకు చెప్పేశారు.

వయసు దాచడం చట్టంతోనే మొదలైంది. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 అన్న శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆ లోపు దేశమంతటా పెళ్లిళ్ల జాతర నడిచింది. "శారదా చట్టం వస్తోందని మా అమ్మమ్మకి తొందరపడి చేసేశారట" అన్న మాట ఇప్పటికీ తెలుగిళ్లలో వినపడుతుంది. ముహూర్తం దాటిపోయినవాళ్లకు గోదావరి పాయ ఒడ్డున ఇంకో దారి ఉంది. యానాం ఫ్రెంచివాళ్లది. బ్రిటిష్ చట్టం అక్కడ చెల్లదు. చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్లివారు బళ్లు కట్టుకుని అక్కడికి వెళ్లి, పిల్లల పెళ్లిళ్లు జరిపించుకుని వచ్చేవారు. అందుకే దానికి కల్యాణపురం అని పేరు పడింది. ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు. పుట్టిన ఏడు ఒక్కటి మారితే చాలు, ఉన్న ఊళ్లోనే యానాం.

ఆ ఏడు మారకుండా చూసే బాధ్యత ఇవాళ జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 మీద ఉంది. ఈ సెక్షన్ గురించి బయట పెద్దగా ఎవరికీ తెలియదు గానీ, పిల్లల కేసులు చూసే ప్లీడర్లకు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తారు. చూడగానే పిల్లలని తెలిసిపోతే పేచీ లేదు. అనుమానం వస్తే మూడు మెట్లు. మొదటిది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ బోర్డు సర్టిఫికెట్. అవి లేకపోతే మునిసిపాలిటీ గానీ పంచాయతీ గానీ ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష, అదీ ఆదేశం ఇచ్చిన 15 రోజుల్లో ముగించాలి. నేరం చేసిన పిల్లాడి వయసు తేల్చడానికి పుట్టిన పద్ధతి ఇది. నేరానికి గురైన పిల్ల వయసు తేల్చడానికీ ఇదే వాడుకోవచ్చని 2013లో హర్యానా కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి పోక్సో కేసులన్నీ ఈ మెట్ల మీదే నడుస్తున్నాయి.

బడి కాగితాన్ని పంచాయతీ కాగితం కన్నా పైన ఎందుకు పెట్టారు? ఊళ్లలో పుట్టుకలు నమోదు చేయించేవాళ్లు ఒకప్పుడు తక్కువ. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టిన బిడ్డకు 21 రోజుల్లో పంచాయతీకి పరిగెత్తి పేరు రాయించిన తండ్రులు ఎంతమంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో నమోదైనవాళ్లు 89 శాతమే. బడికి మాత్రం ఏదో ఒకరోజు వెళ్తారు. కేసు గొడవలేవీ లేని రోజున, ఏ స్వార్థమూ లేకుండా రాయించిన తేదీ కాబట్టి దాన్ని నమ్మొచ్చన్నది చట్టం ఆలోచన.

చిక్కు ఇక్కడే ఉంది. ఆ తేదీని బడి దేన్ని చూసి రాసింది? విద్యాహక్కు చట్టం సెక్షన్ 14 మొదట జనన ధ్రువీకరణ పత్రం చూడమంటుంది, వెంటనే వయసు ఆధారం లేదని ఏ పిల్లకూ అడ్మిషన్ నిరాకరించొద్దంటుంది. ఆ నియమాన్ని తప్పుపట్టడానికి లేదు. కాగితం లేదని పిల్లను గేటు బయట నిలబెడితే నష్టపోయేది పేదింటి పిల్లే. ఏఎన్‌ఎం రిజిస్టరో, అంగన్‌వాడీ రికార్డో చూడొచ్చు, అవీ లేకపోతే తల్లిదండ్రుల మాటే చాలంటాయి నమూనా నియమాలు. అంటే తండ్రి నోటిమాట ఒక జూన్ ఉదయం అడ్మిషన్ రిజిస్టర్లోకి ఎక్కుతుంది. పదేళ్ల తర్వాత అదే మాట స్టాంపు వేసుకుని, సెక్షన్ 94 కింద మొదటి మెట్టు మీద కూర్చుంటుంది. ఒక చట్టం దయతలచి చూసీచూడనట్టు వదిలేసినదాన్ని ఇంకో చట్టం తిరుగులేని సాక్ష్యం అంటుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ పలకరించుకున్నట్టు లేదు.

ఈ చిక్కు బోనులో ఎలా బయటపడుతుందో పోక్సో కోర్టులో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. హెడ్‌మాస్టరుగారు బడి రిజిస్టరు పట్టుకుని వస్తారు. సాధారణంగా తొలిసారి కోర్టు మెట్లెక్కిన మనిషి, కాస్త టెన్షన్‌గా ఉంటారు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ అడిగినదానికి తేదీ చదివి వినిపిస్తారు. తర్వాత నిందితుడి తరఫు ప్లీడరు లేస్తారు. "ఈ ఎంట్రీ మీ చేతిరాతేనా?" "కాదండి, అప్పటికి నేను ఆ స్కూల్లో లేను." "దీనికి జనన ధ్రువీకరణ పత్రం ఏమైనా జతచేశారా?" "లేదండి." "మరి ఏ ఆధారంతో రాసుంటారు?" "తండ్రిగారు చెప్పినదాన్ని బట్టి రాసుంటారండి." అంతే, మూడు ప్రశ్నలు. తండ్రిని పిలిస్తే ఆయనకు తన పెళ్లి ఏడాదే సరిగ్గా గుర్తుండదు. మిగతా సాక్ష్యం ఎంత గట్టిగా ఉన్నా, ఆ పిల్ల ఆ రోజుకి పిల్లే అన్నది రుజువు కాలేదంటే పోక్సో కేసు కింద నేల జారిపోయినట్టే.

2023 జూలైలో తమిళనాడు కేసు ఒకటి సుప్రీంకోర్టులో సరిగ్గా ఇలాగే తేలింది. ప్రాసిక్యూషన్ చూపించింది బడి టీసీ. సెక్షన్ 94 అడిగిన కాగితం అది కాదని కోర్టు అంది. డాక్టర్ల పరీక్షలో 18 దాటి ఉంటుందని వచ్చింది. కింది కోర్టులు వేసిన పోక్సో శిక్ష రద్దయింది. టీసీ, స్టడీ సర్టిఫికెట్, పుట్టినతేదీ సర్టిఫికెట్, ఈ మూడూ మనకు ఒకటే. పోలీసులకూ చాలాచోట్ల ఒకటే, చేతికి దొరికింది ఫైల్లో పెట్టేస్తారు. కోర్టుకు మాత్రం ఒకటి కావు.

ఇక ఎముకల పరీక్ష. జనంలో దీని మీద చాలా నమ్మకం. సైన్సు కదా, అబద్ధం చెప్పదు కదా అనుకుంటారు. మణికట్టు, మోచెయ్యి, భుజం, తుంటి ఎముకలకు ఎక్స్‌రే తీస్తారు. ఎదిగే వయసులో ఎముక చివర్లు విడిగా ఉండి, పెద్దయ్యేకొద్దీ ఒక్కోచోట ఒక్కో వయసులో అతుక్కుంటాయి. ఏవి అతికాయో ఏవి అతకలేదో చూసి డాక్టరు ఒక అంచనా చెప్తారు. ఆ అంచనాకు అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లు తేడా ఉండొచ్చని సుప్రీంకోర్టు 1982లోనే రాసింది. తిన్న తిండి, వచ్చిన జబ్బులు ఎదుగుదలను ముందూ వెనకా చేస్తాయి. ఏడేళ్లా పదిహేడా అని తెలుసుకోవడానికి ఈ పరీక్ష అక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది. పదిహేడున్నరా పద్దెనిమిదిన్నరా అన్నది ఇది చెప్పలేదు. కోర్టుకు కావలసింది ఆ రెండోదే.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది, దాన్ని గమనించేవాళ్లు తక్కువ. పరీక్షలో 17 నుంచి 19 అని వచ్చిందనుకుందాం. నిందితుడు మైనరా అన్నది ప్రశ్నయితే, అనుమానం అతడికి మేలు చేయాలి కాబట్టి తక్కువ వయసు వైపు మొగ్గుతారు. బాధితురాలు మైనరా అన్నది ప్రశ్నయినా, అనుమానం నిందితుడికే మేలు చేయాలి కాబట్టి ఎక్కువ వయసు వైపు మొగ్గుతారు. 2024లో ఢిల్లీ హైకోర్టు, పోక్సో కేసుల్లో పరీక్ష చెప్పిన పై వయసునే తీసుకోవాలని, రెండేళ్ల తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. క్రిమినల్ న్యాయం లెక్కలో ఇందులో తప్పు లేదు, సందేహం ఉంటే శిక్ష వేయకూడదు. కానీ ఫలితం ఏమిటంటే, ఏ కాగితమూ లేని పిల్ల, అంటే బడి ముఖం చూడని, ఆస్పత్రిలో పుట్టని పిల్ల, పదహారేళ్లదైనా ఎక్స్‌రే ముందు పెద్దదైపోవచ్చు. చట్టం అండ అందరికన్నా ఎక్కువ కావలసిన పిల్లకే ఆ అండ దొరకదు.

నిందితుల వైపు కథ వేరు. నిర్భయ కేసులో ఒకడికి నేరం నాటికి ఇంకా పద్దెనిమిది నిండలేదని 2013 జనవరిలో జువైనల్ బోర్డు బడి రికార్డు చూసే తేల్చింది. ఎముకల పరీక్ష చేయించాలని అడిగినా ఒప్పుకోలేదు. మూడేళ్లు హోంలో ఉండి 2015 డిసెంబర్‌లో విడుదలయ్యాడు. ఆ కోపంలోంచే, అతడు బయటికొచ్చిన రెండు రోజులకు, డిసెంబర్ 22న రాజ్యసభలో కొత్త జువైనల్ చట్టం పాసైంది. జమ్మూలో ఎనిమిదేళ్ల పిల్ల హత్యాచారానికి గురైన కథువా కేసులో అలా జరగలేదు. కాగితాల్లో పుట్టినతేదీలకు పొంతన కుదరకపోవడంతో 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు వైద్యుల నివేదికను నమ్మి, మైనరునన్న నిందితుడిని పెద్దవాడిగానే విచారించమంది.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది 2023 మార్చి నాటి తీర్పు. పుణేలో 1994లో ఒకే ఇంట్లో ఏడుగురిని చంపిన కేసులో ముగ్గురు పట్టుబడ్డారు. వారిలో ఒకడిని పోలీసులు పెద్దవాడిగానే రాసుకున్నారు. 1998లో ఉరిశిక్ష పడింది. పై కోర్టులూ దాన్ని ఖాయం చేశాయి. ఏళ్ల తర్వాత రాజస్థాన్‌లో ఒక పల్లె బడి రిజిస్టర్ బయటికొచ్చింది. దాన్లో పేరు కాస్త తేడాగా ఉంది, పుట్టినతేదీ 1982 ఫిబ్రవరి 1 అని ఉంది. విచారణ జరిపించి, ఆ పేరూ ఈ మనిషీ ఒకటేనని సుప్రీంకోర్టు నమ్మింది. అంటే నేరం నాటికి వాడికి పన్నెండేళ్ల ఆరు నెలలు. అప్పటికే ఇరవై ఎనిమిదేళ్లు జైల్లో ఉన్నాడు. బాలుడినని ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిశాక కూడా చెప్పుకోవచ్చన్న నియమం చట్టంలో ఉండబట్టి బయటపడ్డాడు. అతడికి ప్లీడర్లున్నారు, మూడు కోర్టులు విన్నాయి, అన్నేళ్లలో ఆ బడి రిజిస్టర్ తెప్పించాలని ఎవరికీ తోచలేదు.

పెళ్లిళ్ల దగ్గరికొస్తే ఈ కాగితాల తగువు పందిట్లోనే జరుగుతుంది. ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తారు. తెల్లవారుజామున ఐసీడీఎస్ సూపర్‌వైజరు, ఊరి అంగన్‌వాడీ టీచరు, ఒక కానిస్టేబులు వస్తారు. అప్పటికే పిల్లకు పసుపు రాసేసి ఉంటారు. "మా పిల్లకి పద్దెనిమిది నిండాయి మేడమ్, ఇదిగో ఆధార్" అని తండ్రి కార్డు తీస్తాడు. "ఆధార్ వద్దన్నా, టెన్త్ మెమో చూపించు." "టెన్త్ మధ్యలో మానేసింది మేడమ్." అంగన్‌వాడీ టీచరుకు నిజం తెలుసు. ఆ పిల్ల పుట్టినప్పుడు బరువు తూచి రాసుకున్నది ఆవిడే. కానీ రేపు కూడా ఆవిడ ఈ వీధిలోనే బతకాలి కాబట్టి తల వంచుకుని నిలబడుతుంది. చివరికి "పద్దెనిమిది నిండేదాకా పెళ్లి చేయం" అని తెల్లకాగితం మీద సంతకాలు తీసుకుని వెళ్తారు. కాస్త గట్టి ఆఫీసరైతే మేజిస్ట్రేటు దగ్గర ఇంజంక్షన్ తెస్తారు. దాన్ని మీరి పెళ్లి చేస్తే ఆ పెళ్లి చెల్లనే చెల్లదు. మామూలుగా బాల్యవివాహం దానంతటదే రద్దు కాదు. చిన్న వయసులో పెళ్లైనవాళ్లు మేజరయ్యాక రెండేళ్లలోపు కోర్టుకు వెళ్లి రద్దు చేయించుకోవాలి. ఎంతమంది వెళ్తారో ఊహించుకోవచ్చు.

2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 20–24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిదికి ముందే పెళ్లైనవాళ్లు దేశం మొత్తానికి 23.3 శాతం, తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. శిక్ష రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉంది. దాని కన్నా డబ్బు ఆశ బాగా పనిచేసిందేమో. తెలంగాణ 2014లో మొదలుపెట్టిన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల్లో పెళ్లికూతురికి పద్దెనిమిది నిండాలి. మొదట 51,000 ఉన్న సాయం 2018లో 1,00,116 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబర్‌లో తెచ్చిన కల్యాణమస్తు పథకం ఇంకో అడుగు వేసి, పెళ్లికూతురూ పెళ్లికొడుకూ టెన్త్ పాసై ఉండాలంది. ఆ షరతు తెలివైనది. టెన్త్ మెమోలో పుట్టినతేదీ ఉంటుంది, దాన్ని దిద్దడం ఆషామాషీ కాదు. పైగా టెన్త్ దాకా చదివిన పిల్ల ఆ మేరకు బడిలో ఉన్నట్టే కదా. అయితే పదహారేళ్లకే గుడిలో తాళి కట్టించి, పద్దెనిమిది నిండాక కార్డు కొట్టించి దరఖాస్తు పెడితే ఈ షరతు కూడా ఏమీ చేయలేదు.

ఇక్కడ ఆధార్ గురించి ఒక మాట. మొదట్లో కార్డులు ఇచ్చేటప్పుడు చాలామంది పుట్టినతేదీ అడిగి రాసుకున్నదే. జనవరి 1న పుట్టినవాళ్లు ఈ దేశంలో ఇంతమంది ఉన్నారా అని ఆ కార్డులు చూస్తే అనిపిస్తుంది. అది గుర్తింపు కార్డే గానీ పుట్టినతేదీకి రుజువు కాదని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా పందిట్లో, ఫ్యాక్టరీ గేటు దగ్గర, లాడ్జి కౌంటర్లో ముందు అడిగేది దాన్నే.

వయసు అబద్ధాలకు మన ఇళ్లలో పెద్ద కారణాలేమీ ఉండవు. ఏడాది ముందే బడికి పంపాలని ఒక ఏడు పెంచుతారు. రిటైర్‌మెంట్ దాకా రెండేళ్లు కలిసొస్తాయని తగ్గిస్తారు. నవోదయ సీటు వయసు పరిమితి కోసం సర్దుతారు. పెంచినప్పుడు ఆ పిల్ల పదిహేడేళ్లకే పోక్సో బయటికి వెళ్లిపోతుంది. తగ్గించినప్పుడు ఇంకో రకం ఇరకాటం. నిజానికి పంతొమ్మిదేళ్ల అమ్మాయి, కాగితంలో పదిహేడున్నర, ఇష్టపడ్డ అబ్బాయితో వెళ్లిపోయింది. తండ్రి స్టేషన్‌కు వెళ్లాడు. ఇప్పుడు ఆ అబ్బాయి మీద పోక్సో. పద్దెనిమిది లోపు ఇష్టానికి చట్టంలో విలువ లేదు. అస్సాం, మహారాష్ట్ర, బెంగాల్ పోక్సో తీర్పులను ఎన్‌ఫోల్డ్ అనే సంస్థ పరిశీలిస్తే సుమారు నాలుగో వంతు ఇలాంటి ప్రేమ వ్యవహారాలేనని తేలింది. 2023లో లా కమిషన్ ఆ వయసును తగ్గించొద్దని, కాకపోతే 16–18 మధ్య కేసుల్లో శిక్ష విషయం జడ్జి విచక్షణకు వదలాలని సూచించింది. అంతకుముందే 2019 సవరణ శిక్షలు పెంచింది. బాధితురాలికి పదహారు లోపైతే కనీసం ఇరవయ్యేళ్లు, పైనైతే కనీసం పదేళ్లు. పన్నెండు లోపైతే తీవ్రమైన నేరం కింద మరణశిక్ష దాకా. ఒకే చట్టంలో 12, 16, 18 అని మూడు గీతలు. కాగితంలో కొన్ని నెలల తేడా అవతలి మనిషి జీవితంలో పదేళ్లు.

బాలకార్మికుల దగ్గర ఈ ఆట మరీ బాహాటం. హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో బీహార్ నుంచి తెచ్చిన పిల్లలు 2015 తనిఖీల్లో పెద్ద సంఖ్యలో బయటపడ్డారు. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ముస్కాన్ పేరుతో ఇలాంటి తనిఖీలు చేస్తుంటారు. ఎవరడిగినా "పద్దెనిమిది" అనమని పిల్లలకు ముందే నేర్పి ఉంచుతారు. వయసు మీద ఇన్‌స్పెక్టరుకు, యజమానికి పేచీ వస్తే డాక్టరు దగ్గరికి పంపాలంటుంది చట్టం. మళ్లీ అదే ఎక్స్‌రే.

ఈ వయసు లెక్కల గొడవకు దూరంగా, వేరే కొలత పట్టుకున్నవాళ్లు మన దగ్గరే ఉన్నారు. రంగారెడ్డి జిల్లాలో ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ పని చేసింది ఒకే సూత్రం మీద: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. వయసెంత, పని ప్రమాదకరమా కాదా, సొంత చేలోనా పరాయి చేలోనా అన్న ప్రశ్నలే లేవు. ఆ పనికి సంస్థ వ్యవస్థాపకురాలు శాంతా సిన్హాకు 2003లో మెగసెసే వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆవిడే మొదటి చైర్‌పర్సన్. పత్తి విత్తనాల చేలల్లో పూలకు పుప్పొడి అద్దే ఆడపిల్ల వయసు తేల్చడానికి ఎముకల డాక్టరు కావాలి. ఇవాళ బడికి వెళ్లిందా లేదా అని తేల్చడానికి హాజరుపట్టీ చాలు. 2016 సవరణ మాత్రం ఇంటి పనుల్లో, కుటుంబ వ్యాపారంలో బడివేళల తర్వాత పిల్లలు సాయపడొచ్చని తలుపు తీసి పెట్టింది. చేను ఎవరిదైనా "మా పిల్లే సార్" అంటే సరిపోయే దారి అది.

పుట్టిన కాగితం సంగతి చక్కదిద్దే ప్రయత్నం ఈమధ్యే మొదలైంది. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టినవాళ్లకు బడి అడ్మిషన్‌కైనా, డ్రైవింగ్ లైసెన్సుకైనా, ఓటుకైనా, పెళ్లి రిజిస్ట్రేషన్‌కైనా పుట్టినతేదీకి జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే ఆధారం. సెక్షన్ 94లో మాత్రం బడి కాగితం ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది, దాన్ని ఎవరూ కదపలేదు. వయసు ఆధారం లేదని పిల్లలను తిప్పి పంపొద్దన్న విద్యాహక్కు చట్టం మాట కూడా అలాగే ఉంది. ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్లలు ఒకటో తరగతికి వచ్చేది 2029–30 ప్రాంతంలో. సర్టిఫికెట్ లేకుండా బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లిని హెడ్‌మాస్టరు చేర్చుకోవాలా, పంచాయతీకి వెళ్లి తెచ్చుకోమనాలా? రెండు చట్టాలూ రెండు జవాబులు చెప్తున్నాయి. ఏ జవాబు పట్టుకున్నా, ఆ పిల్లలకు పద్దెనిమిది నిండేది 2041లో. అప్పటిదాకా రెండు తెలుగు రాష్ట్రాల్లో పోక్సో కేసుల్లో బోనెక్కే రిజిస్టర్లు, చాలావరకు ఇప్పుడు బడి బీరువాల్లో ఉన్నవే.